పసుపు గీతలు చెరిపినవాళ్ళం

నువ్వు అబద్ధానికి చెయ్యెత్తావు.

మెస్సులో పళ్ళెం పట్టుకుని, వరసలో నిలబడి, ఈ గోడకాయితం చదువుతున్న నిన్నే అంటున్నాను. పక్కకి చూడకు. "దాలినాయుడి చెయ్యి నలిగిపోవడానికి క్రేను నడిపిన నూకరత్నం నిర్లక్ష్యమే కారణం" అని నిన్న మీటింగులో తీర్మానం చదవగానే నీ చెయ్యి పైకి లేచింది. తెలిసి లేచిందా, పక్కవాడిది లేచింది కాబట్టి లేచిందా అన్నది నాకనవసరం. మన రూలు ప్రకారం తీర్మానం రెండోసారి కూడా నెగ్గితేనే ఖాయమవుతుంది. రెండో ఓటు రేపు. అదీ నెగ్గితే నూకరత్నం ఈ చంద్రుడి మీద ఇంకెక్కడా క్రేను ఎక్కడానికి లేదు.

ఆ అబద్ధం ఎక్కడ పుట్టిందో కింద ఉంది. నీడరేవు భద్రతా కార్యదర్శిగా నేను రాస్తున్న దినచర్యలోంచి కొన్ని నమోదులు ఉన్నవి ఉన్నట్టు అతికిస్తున్నాను. ఒక్క అక్షరం దిద్దలేదు. చాలాచోట్ల చెయ్యి దురద పెట్టింది, అయినా దిద్దలేదు. చదివి రేపు మీటింగుకి రా.

గంటా జోగారావు

నమోదు 311

గాలి ఫిల్టర్లు దులపడం ఇవాళ నా వంతు. విప్పి, దులిపి, మళ్ళీ బిగించేసరికి మొదటి షిఫ్టు అయిపోయింది. ఈ ధూళి ఎంత కడిగినా గోళ్ళకింద మిగిలే ఉంటుంది. దీపావళి మర్నాడు వీధిలో వచ్చే వాసన వస్తుంది. కార్యదర్శి అయినా చీపురు పట్టాల్సిందేనన్నది మనం పెట్టుకున్న రూలు. కంపెనీ రోజుల్లో మేనేజరు గారి గ్లౌజులు కూడా ఇంకొకడు తొడిగేవాడు.

రెండో షిఫ్టులో అందరం కలిసి ఎత్తుల హాల్లో మిగిలిన పసుపు గీత గీకేశాం.

మొన్నటి ఓడలో దిగిన కొత్తవాళ్ళ కోసం రాస్తున్నాను. గుంటలో తవ్విన మంచు బెల్టు మీద పైకొస్తుంది. దాన్ని పీపాల్లో నింపి, క్రేనుతో లేపి ఓడ నోట్లో పెట్టే చోటు ఎత్తుల హాలు. క్రేను తిరిగే మేరంతా కంపెనీ నేలమీద పసుపు గీతలు వేసింది. గీత మీద కాలు పడితే పైనున్న కెమెరా మొహం పట్టేసేది, ఆ పూట కూలి పోయేది. గీత దాటకుండా చెప్పిన వేగానికి పీపా దించడం కుదరదని వాళ్ళకి తెలుసు. తెలిసే తొందరపెట్టేవాళ్ళు. మనిషి చచ్చిపోతే "గీత దాటాడు" అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకునేవాళ్ళు. మనిషిని పట్టుకోవడానికి వేసిన గీతకి భద్రత అని పేరు పెట్టారు, సిగ్గులేని జాతి.

ఇప్పుడు కంపెనీ లేదు. రేవు సంఘానిది. కెమెరాలు ముందే పీకేశాం. కంచె కోసి తోటకూర మళ్ళకి అడ్డు కట్టాం. ఇవాళ గీతలు కూడా పోయాయి. గీకుతున్నప్పుడు పాటలు పాడారు. ఫోర్క్‌లిఫ్టు ఎల్లాజీ అయితే రాలిన పసుపు పొడి తీసి అందరి నుదుటా బొట్టు పెట్టాడు.

పైన క్రేను క్యాబిన్‌లోంచి నూకరత్నం మాత్రం దిగలేదు. మా దాలినాయుడి మరదలే. నోరు పెద్దది, క్యారమ్స్‌లో తొండి ఆడుతుంది, షిఫ్టుకి ఏనాడూ వేళకి రాదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచింది.

"గీత గీకీసేరు, బాగుంది. రేపు నా కొక్కెం కిందకి ఎవుడొచ్చేడో నాకేటి తెలుస్తాది?"

"కళ్ళున్నాయిగా తల్లీ, చూసుకో," అన్నాను.

"కళ్ళు నాకున్నాయి. కిందున్నోళ్ళకి నెత్తిమీద ఉన్నాయా?"

"కంపెనీ పోయి ఇన్నాళ్ళయినా నీకు గీత కావాలా? గీసినవాణ్ణి కూడా పిలిపించమంటావా?"

అందరూ పడీపడీ నవ్వారు. నాకు బాగా అనిపించింది. ఇలాంటి మాట నోటికి తట్టిన రోజు నాకు నిద్ర బాగా పడుతుంది.

నమోదు 314

చిన్న సంఘటన. ఎల్లాజీ ఫోర్క్‌లిఫ్టు మలుపులో జారి, నీళ్ళ ట్యాంకుకి గుద్దుకుంది. ట్యాంకు సొట్టపడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇక్కడ బరువు ఆరో వంతే కదా, చక్రాలకి నేల పట్టు దొరకదు. బ్రేకు నొక్కినా బండి పోతూనే ఉంటుంది. కంపెనీ అందుకని నడక వేగం దాటకుండా తాళం పెట్టింది. మనం ఆ తాళం తీసేశాం. పట్టు కోసం బండి వెనక ఇద్దరు మనుషులు ఎక్కి నిలబడడం ఎల్లాజీ కనిపెట్టిన పద్ధతి. ఇవాళ ఎక్కిన ఇద్దరూ ఎగిరి మంచుపొడి కుప్పలో పడ్డారు.

"ఏరా, మనుషుల్ని బస్తాల్లా వాడుతున్నావేంటి?" అని అడిగాను.

"బస్తాలైతే దిగమంటే దిగవు బాబాయ్. ఈళ్ళైతే టీకి కూడా ఆళ్ళే దిగిపోతారు," అన్నాడు.

ఇంకో సంగతి. బెల్టు పక్కన పొడుగునా ఒక తాడు ఉంటుంది. ఎవరి చొక్కానో, జుట్టో బెల్టులో చిక్కుకుంటే ఆ తాడు లాగాలి, బెల్టు ఆగిపోతుంది. దాని మీద లుంగీలు, చీరలు ఆరేశారు. తడి బట్టల బరువుకి బెల్టు మాటిమాటికీ ఆగుతోందని తాడుని స్తంభానికి బిగించి కట్టేశారు కూడా. తీసెయ్యమని చెప్పబోయాను. ఆ పక్కన వేడిగాలి వస్తుంది, బట్టలు బాగా ఆరతాయి అన్నారు. సరే అన్నాను. మనకి బట్టలు ఆరేసుకునే చోటు కూడా ఇవ్వని కంపెనీ మీద ఓ పేరా రాశాను. అది బాగా వచ్చింది.

నమోదు 318

ఇవాళ సంఘం మీటింగులో నూకరత్నం లేచింది.

సంగతి సిగ్నళ్ళది. కంపెనీ రోజుల్లో ఒక్కో ఎత్తుకి ఒక్కడే సిగ్నల్ మనిషి. వాడు చెయ్యి పైకంటే పైకి, కిందకంటే కిందకి. వాడు మేనేజరు మనిషి కాబట్టి వాడి చెయ్యి దొరగారి చెయ్యి. మనం వచ్చాక నేనే తీర్మానం పెట్టాను. పీపా దగ్గరున్న ఎవరైనా సిగ్నల్ ఇవ్వొచ్చు, ఏ చెయ్యీ ఇంకో చేతికంటే ఎక్కువ కాదు అని. చప్పట్లతో నెగ్గింది. రెండో పద్ధతి దానంతటదే వచ్చింది. వేలాడుతున్న పీపాకి తాడు కట్టి దూరంనుంచి తిప్పడం మానేసి, నలుగురూ అరచేతులు ఆనించి నడిపించుకుంటూ పోవడం. చేరాక పీపాని చరిచి "అందింది" అని అరుస్తారు. చూడ్డానికి బాగుంటుంది. "యంత్రం మీద మనిషి చెయ్యి" అని హాలు గోడమీద రాసింది నేనే.

"పైనుంచి నాకు ఆరు సేతులు కనిపిస్తాయి," అంది నూకరత్నం. "రెండు పైకంటాయి, మూడు కిందకంటాయి, ఒకటి టీ తెమ్మంటాది. నానేది ఇనాల?"

నవ్వులు.

"నవ్వండి. పీపా తేలికని సెయ్యేస్తన్నారు. ఎత్తడానికి తేలిక. ఆపడానికి కాదు. ఊపుమీదున్న పీపాకి ఇక్కడా బూమ్మీదా ఒకే దెబ్బ. ఇక్కడ నెమ్మదిగా ఊగుతాది, అందుకని మీకు బయ్యం నేదు. మజ్జిలో ఎవుడుంటే ఆడు పచ్చడైపోతాడు."

ఇది కొత్త సంగతి కాదు. దిగిన మొదటి రోజు ట్రైనింగులో అందరికీ చెప్పిన పాఠమే. నాకూ తెలుసు, దాలినాయుడికీ తెలుసు, ఎల్లాజీకీ తెలుసు.

దాలినాయుడు కూర్చున్నచోటే అన్నాడు. "ఒలే నూకీ, ఇన్నేళ్ళూ నా సెయ్యి పీపా మీదే ఉంది. ఏటైపోయింది?"

"ఏటీ అవనేదు బావా. అయినాక అడుగుదూగాని."

ఒక్కో ఎత్తుకి ఒక్క సిగ్నల్ మనిషి ఉండాలి, గీతలు మళ్ళీ వెయ్యాలి అని ఆమె కోరింది. జవాబు నేను చెప్పాను. చాలాసేపే చెప్పాను. గీత గురించి, కెమెరా గురించి, కూలి కోతల గురించి, మేనేజరు గురించి. ఆఖర్న, "కంపెనీ దయ్యం ఓడెక్కి పోయిందనుకున్నాం, క్రేనెక్కి కూచుంది," అన్నాను. హాలు దద్దరిల్లింది. ఆమె అడిగిన దాంట్లో ఒక్క ప్రశ్నకీ నేను జవాబు చెప్పలేదని ఇప్పుడు రాస్తుంటే కనిపిస్తోంది. అయినా ఓటుకి పెట్టక్కర్లేకుండానే వీగిపోయింది.

నమోదు 319

నూకరత్నం పని ఆపింది.

పూర్తిగా ఆపలేదు. పీపా లేపింది, తెచ్చింది, మనిషెత్తున నిలిపేసింది. చుట్టూ నలుగురు చేతులు పెట్టుకుని నిలబడ్డారు. "సేతులు తియ్యండి, దించుతాను," అంది. వాళ్ళు తియ్యలేదు. ఆమె దించలేదు. ఓడ కెప్టెను రేడియోలో విసుక్కుంటున్నాడు. ఎల్లాజీ వేలాడే పీపా పక్కనే కుర్చీ వేసుకుని పేకముక్కలు కలపడం మొదలుపెట్టాడు.

నేను నిచ్చెనెక్కి క్యాబిన్‌కి వెళ్ళాను.

"ఏంటమ్మా ఇది? సమ్మె చేస్తున్నావా? ఎవరిమీద? మనమీద మనమేనా?"

"సమ్మె కాదు. దించుతానంటన్నాను గదా. సేతులు తియ్యమనండి."

"నలుగురూ ఒక మాట అనుకున్నాక ఒక్కదానివి అడ్డం తిరిగితే అదేం సంఘం?"

"నలుగురూ అనుకుంటే పీపా ఆగిపోద్దేటి? ఆటికి ఓటుందేటి?"

సమాధానం తట్టలేదు. తట్టకపోతే నాకు కోపం వస్తుంది. నిచ్చెన దిగి, అక్కడే, హాలు మధ్యలో నిలబడి తీర్మానం పెట్టాను. సంఘం చెప్పినట్టు దించాలి, లేకపోతే సీటు దిగాలి. చేతులన్నీ పీపా మీంచి తీసి ఓటుకి ఎత్తారు.

ఆ క్షణంలోనే ఆమె పీపా దించేసింది. తీర్మానానికి లొంగిందని అందరూ కేకలు పెట్టారు. చేతులు ఖాళీ అయ్యాయని దించిందని నాకొక్కడికే అర్థమైంది. అది ఎవరికీ చెప్పలేదు.

కిందకొచ్చాక ఆమె నా ఎదురుగా నిలబడింది. "సీటు నాకు కావాలి జోగారావుగోరూ. ఇంకో పని నాకు సేతకాదు, ఒద్దు కూడా. మీరు రమ్మంటే వస్తాను, దించమంటే దించుతాను. ఇంక నోరెత్తను." గొంతులో లొంగుబాటు లేదు. సీటు మీద ప్రేమ ఉంది. దాన్ని నేను గెలుపు అని రాసుకున్నాను.

నమోదు 322

రేవు మనదైన రోజు పండగ. ఎత్తుల హాల్లో బల్లలు వేశారు, పెసరట్లు వేశారు. నేను మాట్లాడాను. మాట్లాడాక, యంత్రం మనిషి చేతికి లొంగుతుందని చూపిస్తానని, మంచు నింపిన పీపా ఒకటి తెప్పించాను. దాన్ని నా చేతులతో ఆపుతానని చెప్పాను.

నేను పీపాకి అటుపక్క, స్తంభం ముందు నిలబడ్డాను. జనం ఇటుపక్క, బల్లల దగ్గర. మధ్యలో పీపా. దాలినాయుడు స్తంభం పక్కకి వచ్చి, నాకు వీపు పెట్టి, క్రేనుకేసి చెయ్యెత్తి ఆపమన్నాడు. క్రేను ఆగింది. తరవాత ఎవరో రమ్మని చెయ్యి ఊపారు. క్రేను మళ్ళీ కదిలింది. ఆ రమ్మన్నది ఎవరో తెలియలేదు.

పీపా నెమ్మదిగా వచ్చింది. ఊయలంత నెమ్మదిగా. రెండు అరచేతులూ పెట్టాను. చల్లగా తగిలింది. ఆగలేదు. నేను తోస్తున్నాను, అది వస్తోంది. కాళ్ళకి నేల దొరకలేదు, సబ్బు మీద నిలబడ్డట్టు జారిపోతున్నాను. వెనక స్తంభం తగిలింది. దాలినాయుడు నా చొక్కా పట్టుకుని పక్కకి లాగేశాడు. అతని చెయ్యి పీపాకీ స్తంభానికీ మధ్య ఉండిపోయింది.

చప్పుడు పెద్దగా రాలేదు. అతని కేకా రాలేదు. బల్లల దగ్గర ఎవరో పీపా ఆగిందనుకుని "అందింది" అని అరిచారు. కొందరు చప్పట్లు కొట్టారు.

డాక్టరు మోచేతి కింద తీసెయ్యాల్సి వచ్చిందన్నారు. ప్రాణానికి భయం లేదు.

నమోదు 323

మీటింగు. దాలినాయుడు మత్తులో ఉన్నాడు, రాలేదు.

మొదటి ప్రశ్న ఎల్లాజీ వేశాడు. రోజూ నవ్వించేవాడు నవ్వకుండా అడిగాడు. "దాలినాయుడు మావ ఆపమని సెయ్యెత్తాడు. అందరం సూసాం. నూకీ, నువ్వెందుకు తెచ్చావు?"

నూకరత్నం నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి. "ఆపేను. తరవాత జోగారావుగోరు రమ్మని సెయ్యూపేరు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆరి సెయ్యి పీపా ఎనక ఉంది, మీకు కనిపించదు. పైనుంచి నాకు కనిపించింది."

హాలు నావైపు తిరిగింది.

"ఆరినే అడగండి," అంది. "సెప్పండి బాబూ. ఊపేరా, నేదా?"

"ఆ గొడవలో ఏ చెయ్యి ఎటు కదిలిందో నేను చెప్పలేను, కామ్రేడ్," అన్నాను.

ఆమె నన్ను చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. "సాల్లెండి," అని కూర్చుంది.

తరవాత జరగాల్సింది జరిగింది. సొంత బావ చెయ్యి తీయించి, పెద్దమనిషి మీద తోస్తోందని ఒకరన్నారు. మొన్న సీటు పోతుందని కోపం పెట్టుకుందని ఇంకొకరన్నారు. కంపెనీ దయ్యం అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఆ మాట నాది. నా నోట్లోంచి వెళ్ళి ఊరంతా తిరిగి అక్కడ ఆమె మీద వాలింది. ఆమె చెప్పింది నిజమో కాదో చూడడానికి కెమెరా లేదు. పీకించింది నేను. సిగ్నల్ ఇచ్చే మనిషి ఫలానా అని చెప్పడానికి రూలు లేదు. తీయించింది నేను. అబద్ధానికి కావలసినవన్నీ నేనే ముందునుంచీ ఏర్పాటు చేసిపెట్టినట్టుంది.

తీర్మానం చదివారు. చేతులు లేచాయి.

నా చెయ్యి కూడా లేచింది.

ఇదీ ఆ చెయ్యితోనే రాస్తున్నాను.

నమోదు 324

మొదటి షిఫ్టు వేళకి దాలినాయుడి దగ్గరికి వెళ్ళాను. మేమిద్దరం ఒకే ఓడలో వచ్చాం. ఒకే గదిలో ఉన్నాం. సమ్మెలో ఒకే తలుపుకి అడ్డంగా పడుకున్నాం. కట్టు మోచేతి దగ్గర ఆగిపోయి ఉంది. దాని కింద దుప్పటి చదునుగా ఉంది. అటు చూడకుండా కూర్చోవడానికి కుర్చీ అటూ ఇటూ జరుపుకున్నాను.

"ఏరా జోగీ. సూడు, సూడ్డానికి డబ్బులడగను," అన్నాడు.

మంచం పక్కన గిన్నెలో జావ మూతపెట్టి ఉంది. ముట్టలేదు.

"తినలేదేం?"

"నూకీ తెచ్చింది. ఒట్టుకుపొమ్మన్నాను. ఎల్లనేదు, ఇక్కడెట్టీసి పోయింది." ఎడమచేత్తో దుప్పటి పైకి లాక్కున్నాడు. "నాను ఆపమని సెయ్యెత్తేనురా. ఆగింది. మళ్ళీ తెచ్చీసింది. సిన్నప్పుడు నా బుజాలమీద ఎక్కించుకుని తిప్పేను దాన్ని. మొన్న మీటింగులో నవ్వేనని కోపవా? అందుకా తెచ్చింది? దాని మొకం సూడనన్నాను. దాని అక్కకి కూడా సెప్పీసాను, గుమ్మం ఎక్కనివ్వొద్దని."

అప్పుడు చెప్పాను. అతను క్రేనుకేసి తిరిగి నిలబడ్డాడు కాబట్టి వెనక నన్ను చూడలేదని, ఆగిన క్రేనుని రమ్మని చెయ్యి ఊపింది నేనేనని, రెండుసార్లు ఊపానని. జనం చూస్తున్నారు, పీపా అల్లంత దూరంలో ఆగిపోతే నా మాట తేలిపోతుందని ఊపానని. మీటింగులో అడిగితే తెలియదన్నానని.

నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"అది సెప్పిందా, నువ్వూపేవని?"

"చెప్పింది."

"అందరి ముందరా?"

"అందరి ముందరే."

"నువ్వు తెల్దన్నావు."

"అన్నాను."

"మరి నా దగ్గరకొచ్చి సెప్తావేటిరా? మీటింగులో అబద్ధవూ, మంచం కాడ నిజవూనా? నన్నొక్కణ్ణే సేసి నా సెవులో సెప్పీసి, నాను సర్లేరా అంటే ఇంటికెల్లి పడుకుందావనా?"

కుర్చీ మళ్ళీ పక్కకి జరుపుకున్నాను.

"సర్లే అనను," అన్నాడు. "గిన్నె ఇలాగియ్యి."

ఇచ్చాను. ఎడమచేత్తో మూత తియ్యడం రాలేదు. నేను తియ్యబోతే, "నువ్వొద్దు," అన్నాడు. మూత కిందపడింది. నెమ్మదిగా పడింది, ఇక్కడ అన్నీ అలాగే పడతాయి. చల్లారిన జావ గిన్నె ఎత్తుకుని తాగాడు.

"రెండో ఓటు దాకా దాన్ని సీటు దింపి, బయట ఫిల్టర్ల కాడ దులపడానికేసారంట. పిలు. నాను తిట్టీసాను, నానే పిలాల. తరవాత నువ్వు ఎల్లి ఎక్కడ అబద్ధం సెప్పేవో అక్కడ సెప్పు."

నూకరత్నం నడవలో మోకాళ్ళ మీద కూర్చుని ఫిల్టరు దులుపుతోంది. మొహమంతా నల్లటి ధూళి. బావ పిలుస్తున్నాడని చెప్పాను. బ్రష్షు కింద పెట్టి లేచింది.

"నేను మీటింగులో చెప్పేస్తాను నూకరత్నం. ఊపింది నేనేనని," అన్నాను.

"ఊపేరని నాకు తెలుసు గదా. నాకెందుకు సెప్తన్నారు?" అంది. నన్ను దాటి, చేతులు లంగాకి తుడుచుకుంటూ, లోపలికి వెళ్ళిపోయింది.

దినచర్య ఇక్కడితో ఆపుతున్నాను. నోటితో చెబితే నేను ఎలా చెబుతానో నాకు తెలుసు. మొదటి వాక్యం తరవాత గొంతు పెరుగుతుంది. కంపెనీ వస్తుంది, చరిత్ర వస్తుంది, రెండు ఛలోక్తులు వస్తాయి, ఆఖరికి మీరు నాకే చప్పట్లు కొడతారు. అందుకని రాసి మెస్సులో అతికిస్తున్నాను. నీకు అన్నం గంట కొట్టేలోగా చదవడం అయిపోతుంది.

కంపెనీ మీద నేనన్న మాటల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోను. వాళ్ళు గీతని కొరడాలా వాడారు. మనం కొరడా విరిచేస్తున్నామనుకుని గీత చెరిపేశాం. ఆ తేడా తెలియనంత తెలివితక్కువవాణ్ణి కాను. తెలుసు. గీత అడిగిన మనిషిని గెలవడం నాకు ఎక్కువ అవసరమైంది. మన రేవులో మనమే యజమానులం కాబట్టి మన చేతుల్లో ఎవరికీ దెబ్బ తగలదని నేను చెప్పాను, నువ్వు నమ్మావు. పీపాకి యజమాని ఎవరో తెలియదు.

సిగ్గుగా ఉంది. నీకూ ఉండాలి. సిగ్గు పడి ఊరుకుంటే దాలినాయుడికీ నూకరత్నానికీ దానివల్ల ఒరిగేదేమీ లేదు. కాబట్టి రేపటి మీటింగు ముందు ఇవి పెడుతున్నాను. వాదించను. చదివి కూర్చుంటాను.

డిమాండ్లు:

1. నూకరత్నం మీద పెట్టిన తీర్మానం కొట్టెయ్యాలి. ఆమె చెప్పింది నిజమని మినిట్సులో రాయాలి. క్రేను సీటు రేపటి షిఫ్టుకే ఆమెకి ఇవ్వాలి.

2. ఒక్కో ఎత్తుకి ఒక్కరే సిగ్నల్ ఇవ్వాలి. ఆ మనిషి ఎవరో ఎత్తే ముందే పేరుపెట్టి చెప్పాలి. ఆపమనడానికి మాత్రం ఎవరైనా చెయ్యెత్తొచ్చు. ఎవరెత్తినా క్రేను ఆగాలి. ఆగాక సిగ్నల్ మనిషి చెబితే తప్ప కదలకూడదు.

3. వేలాడే సరుకు మీద చెయ్యి వెయ్యకూడదు. తాడు కట్టి దూరంనుంచి తిప్పాలి. దాని కిందకీ, దానికీ గోడకీ మధ్యకీ ఎవరూ రాకూడదు. చేతులు కనిపిస్తే దించనని చెప్పే హక్కు క్రేను మనిషికి ఉండాలి. దాని మీద ఓటు పెట్టకూడదు.

4. పసుపు గీతలు మళ్ళీ వెయ్యాలి. మనిషి దాటితే యంత్రం ఆగాలి. కూలి కోత వద్దు, పేరు రాయడం వద్దు, నవ్వడం వద్దు.

5. హాల్లో కెమెరాలు మళ్ళీ పెట్టాలి. అవి క్రేనునీ కొక్కేన్నీ చూడాలి. వాటి తాళం కార్యదర్శి దగ్గర ఉండకూడదు.

6. ఫోర్క్‌లిఫ్టులకి వేగం తాళం మళ్ళీ బిగించాలి. బండి వెనక మనుషులు ఎక్కకూడదు.

7. బెల్టు తాడు మీది బట్టలు ఇవాళే తియ్యాలి. కట్టిన ముడి విప్పి, లాగి చూడాలి. బట్టలకి వేరే చోటు ఇవ్వాలి.

8. దాలినాయుడి వాటా తగ్గించకూడదు. ఏ పని చేస్తాడో అతనే చెబుతాడు. ఏ పనీ చెయ్యనంటే అదీ అతనిష్టం.

9. హాలు గోడమీద నేను రాసిన నినాదం చెరిపెయ్యాలి.

10. నన్ను భద్రతా కార్యదర్శి పనిలోంచి తీసెయ్యాలి. నేను రాజీనామా ఇవ్వడం లేదు. ఇస్తే పెద్దమనసు అంటారు. మీరే తియ్యాలి, చేతులెత్తి తియ్యాలి.